అందరికీ అందవలసిన కంప్యూటరు చదువు – మన సంఘముల బాధ్యత

(డయోసిస్ శతాబ్ది ఉత్సవముల విద్యా సదస్సులో, ఒక పల్లె పాస్టరేటుకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయుల పక్షమున చదివిన ప్రసంగము)



ఈ సభలో మాట్లాడవలసినదిగా కబురు వచ్చినప్పుడు మేము కొంత జంకినాము. మేము ఆరుగురము. అందరమూ పల్లె బడులలో పలకా బలపమూ పట్టించి, అక్షరాలు దిద్దించి, ఉద్యోగ విరమణ చేసినవారమే. కంప్యూటరు శాస్త్రము చదివినవారు మాలో ఒక్కరూ లేరు. ఫోనులో డబ్బు పంపడము కూడా మనుమలు నేర్పితే నేర్చుకొన్నాము. ఇట్టి మేము కంప్యూటరు చదువును గూర్చి పెద్దల ముందు ఏమి చెప్పగలమని సంకోచించినాము. అయితే ఆ చదువు అందని పిల్లలను మేము దగ్గరగా చూచినాము. కంటితో చూచినది చెప్పడానికి శాస్త్రము అక్కరలేదు గదా అని ధైర్యము తెచ్చుకొని వచ్చినాము.

మొదట మన తాతలనాటి సంగతి ఒకటి జ్ఞాపకము చేసుకొందాము. 1911 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశములో చదవను, వ్రాయను వచ్చినవారు నూటికి ఆరుగురే. ఆ ఆరుగురిలో మన పల్లెలవారు ఎందరుండగలరో చెప్పనక్కరలేదు. బడి ఊరిలో ఉండేది, మన ఇళ్ళు ఊరి వెలుపల ఉండేవి. పగలు పెద్దలు కూలికి, పిల్లలు పశువుల వెంట పోయేవారు. అందుచేత మన పల్లెలకు చదువు రాత్రిపూట వచ్చినది. ఉపదేశిగారు కిరసనాయిలు లాంతరు వెలిగించి, చాప పరచి, తండ్రినీ కొడుకునూ ఒకే చాప మీద కూర్చోబెట్టి, మన తెలుగులోనే అక్షరాలు చెప్పినారు. ఆయన పోషణకు మన అవ్వలు అన్నము వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యము వేరే కుండలో వేసి, ఆదివారము తెచ్చి ఇచ్చేవారు. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకము పొంది డోర్నకల్‌కు వచ్చిన అజరయ్యగారు కూడా తమ పనిని ఇట్టి పల్లె ఉపాధ్యాయుల మీదనే నిలబెట్టినారు.

ఆ రాత్రి బడిలో ఏమేమి ఉన్నవో ఆలోచించండి. పిల్లవాడు నడిచి రాగల చోటు ఒకటి ఉన్నది. వానికి తెలిసిన భాష ఉన్నది. పక్కన కూర్చొని వ్రేలు పట్టి దిద్దించే మనిషి ఉన్నాడు. పలక వీటి తరువాతి సంగతి. పలక లేనివాడు ఇసుకలో దిద్దినాడు. చోటు, భాష, మనిషి – ఈ మూడూ కూడినప్పుడే చదువు అందరిది అవుతుంది. కంప్యూటరు చదువు విషయములోనూ ఇదే మాట నిజమని మా అనుభవము. ఈ రోజు మేము చెప్పదలచినదంతా ఇంతే.

కంప్యూటరు చదువు పట్టణపు పిల్లల ముచ్చట గదా, మన పిల్లలకు ముందు తిండీ బట్టా చూడండి అని కొందరు పెద్దలు అంటారు. ఒకప్పుడు అక్షరమును గూర్చి కూడా ఇదే మాట అన్నారు. నేడు పదవ తరగతి దాటిన పిల్లవాడు కాలేజీలో చేరాలన్నా, ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టాలన్నా, హాలు టిక్కెట్టు తీసుకోవాలన్నా, ఫలితము తెలుసుకోవాలన్నా తెర ముందుకు పోవలసినదే. 2018 నాటికి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎంసెట్ పరీక్ష కాగితము మీద పోయి కంప్యూటరు మీదకు వచ్చినది.

మా గ్రామములో ఒక కూలివారి అమ్మాయి ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు తెచ్చుకొన్నది. ఎంసెట్ వ్రాయడానికి పట్టణము వెళ్ళినది. ఆమె అంతకుముందు ఎన్నడూ మౌసు చేతితో పట్టలేదు. లెక్క వచ్చును, జవాబు వచ్చును, ఆ జవాబు మీదకు బాణపు గుర్తు తీసుకొనిపోవడము రాలేదు. వెనుకకు తిరిగి ఎవరినైనా అడగడానికి భయము. చేయి కుదుటపడేసరికి చాలా సమయము పోయినది. ఇంటికి వచ్చి, "మాస్టారూ, నాకు చదువు రాక కాదండీ" అని ఏడ్చినది. పన్నెండు సంవత్సరాలు ఆమెకు చదువు చెప్పినవారిలో మేమూ ఉన్నాము. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మరొక పిల్లవాని దరఖాస్తులో, డబ్బు తీసుకొని నింపిపెట్టినవారు ఒక గడిలో తప్పు గుర్తు పెట్టినారు. వానికి గాని, వాని తండ్రికి గాని అది చూచుకోవడము తెలియదు. ఆ ఏటి ఉపకార వేతనము రాలేదు. నాడు వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్న మన తాతలకూ ఈ తండ్రికీ ఏమి భేదమున్నది?

2020 సంగతి మీ అందరికీ తెలిసినదే. ఆ మార్చిలో బడులు మూతపడినవి. పాఠాలు ఫోనులోకి, టెలివిజనులోకి వెళ్ళినవి. తెలంగాణలో ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు దూరదర్శన్ ద్వారాను, టీశాట్ ద్వారాను పాఠాలు చెప్పినారు. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతము అనే పేరిట పాఠాలు వచ్చినవి. ఆ కష్టకాలములో అవి మేలు చేసినవి, కాదనము. అయితే మా పాస్టరేటులోని పల్లెలు తిరిగినప్పుడు మేము చూచినది వేరు. ఇంట్లో ఒకే ఫోను, అది తండ్రి వెంట కూలికి పోతుంది. తండ్రి చీకటిపడి ఇంటికి వచ్చేసరికి పాఠము అయిపోయి ఉంటుంది. సిగ్నలు కోసము పిల్లలు చెరువు కట్ట మీదకు, నీళ్ళ ట్యాంకు మెట్ల మీదకు ఎక్కినారు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఫోను ముందు పెద్ద కొడుక్కు, ఆ తరువాత చిన్న కొడుక్కు, మిగిలితే ఆడపిల్లకు. ఆ ఆడపిల్లలలో కొందరు మిరపకోతకు వెళ్ళి, బడులు మరల తెరిచినా తిరిగి రాలేదు. వారిలో ఇద్దరు మా సండే స్కూలు పిల్లలే.

మేము చూచినది ఏదో ఒక మూల సంగతి కాదు. 2017-18లో కేంద్ర ప్రభుత్వము జరిపిన జాతీయ నమూనా సర్వేలో, గ్రామాలలో కంప్యూటరు ఉన్న కుటుంబాలు నూటికి 4.4 మాత్రమే అని, పట్టణాలలో 23.4 అని తేలినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. మన సంఘములలో సగము మంది స్త్రీలు. పాట పాడేవారు, కానుక పట్టేవారు, పిల్లలను చదివించేవారు వారే. ఆ తల్లులలో అయిదుగురిలో నలుగురికి ఈ తలుపు ఎటు తెరుచుకొంటుందో తెలియదన్నమాట.

"ఆ రోజులు పోయినవి, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉన్నది గదా" అని మీరు అడగవచ్చును. నిజమే. 2023లో అసర్ అనే విద్యా సర్వేవారు పల్లెలలో 14 నుండి 18 ఏండ్ల పిల్లలను అడిగితే, పదింటిలో తొమ్మిది ఇళ్ళలో స్మార్టు ఫోను ఉన్నదని తేలినది. కాని ఫోను వాడడము వచ్చినవారిలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు నూటికి 43.7 అయితే, ఆడపిల్లలు 19.8. మరుసటి సంవత్సరము సర్వేలో, 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో అంతకుముందు వారములో చదువు పనికి ఫోను వాడినవారు 57 శాతము, సరదా ముచ్చట్లకు, వీడియోలకు సోషల్ మీడియాలో తిరిగినవారు 76 శాతము. ఫోను ఇంట్లోకి వచ్చినది. చదువు దానితోబాటు దానంతట అది రాలేదు.

యంత్రము పంచితే చదువు వస్తుందనే నమ్మకము ఈనాటిది కాదు. మాలో పెద్దవారికి 1975 జ్ఞాపకమున్నది. ఆ సంవత్సరము ఆగస్టు 1న అమెరికావారు ఏడాదిపాటు ఎరువిచ్చిన ఉపగ్రహము సహాయముతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు వచ్చినవి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము పిల్లలకు, సాయంత్రము పెద్దలకు. బడి ముందు ఊరంతా కూడి చూచేది. అది గొప్ప ప్రయోగము, అనుమానము లేదు. 1976 జూలై 31తో గడువు తీరినది, ఉపగ్రహము తరలిపోయినది. ఆ తరువాత 1984లో క్లాస్ అనే పథకము క్రింద దేశములో 250 స్కూళ్ళకు మొదటిసారి కంప్యూటర్లు పంపినారు. అవి ఇంగ్లండు నుండి వచ్చిన యంత్రాలు, వాటి భాష ఇంగ్లీషు. 2011లో ఆకాశ్ అనే చౌక పలక వచ్చినది, నిలువలేదు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశము పల్లె పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాపులు పంచినది. 2012లో వెలువడిన పరిశోధన, పిల్లల చేతికి యంత్రము అందినది గాని లెక్కలలోను, భాషలోను పెరుగుదల కనబడలేదని చెప్పినది. ఆ పాఠము మనకూ పనికివస్తుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు టాబులు పంచినది. పిల్లల ముఖాలలో వెలుగు చూచి మేమూ సంతోషించినాము. మా ఊరిలో ఒకే తరగతి పిల్లలు ఇద్దరు టాబులు తెచ్చుకొన్నారు. ఒకరి ఇంట్లో డిగ్రీ చదివే అక్క ఉన్నది. సాయంత్రము పక్కన కూర్చొని, "ఇది చూడరా, ఇది మరల చెయ్యి" అని చెప్పేది. రెండవవాని ఇంట్లో అక్షరము తెలిసినవారు లేరు. టాబు ఒకటే, పాఠము ఒకటే, సంవత్సరము గడిచేసరికి ఇద్దరి చదువు ఒకటి కాలేదు. ఆ భేదమును ఏ ప్రభుత్వమూ పెట్టెలో పెట్టి పంపలేదు. అక్కడ కావలసినది అక్క. ఆ అక్క లేని ఇంటికి అక్కగా నిలబడడమే సంఘము పని అని మేము అనుకొన్నాము.

ఇక మేము చేసిన చిన్న పని, అందులో మేము చేసిన తప్పులు చెబుతాము. 2021లో బడులు మరల తెరిచిన తరువాత మా చర్చి వెనుక గదిని ఖాళీ చేసినాము. అందులో విరిగిన బెంచీలు, కోత పండుగ పందిరి గుంజలు ఉండేవి. హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న మన సంఘపు అబ్బాయి ఒకడు పాత కంప్యూటర్లు రెండు సంపాదించి పంపినాడు. ఒక టెలివిజను కానుకగా వచ్చినది. ఇంటర్నెట్ పెట్టించినాము. సాయంత్రము ఏడు గంటలకు తలుపు తెరిచి, మాలో ఇద్దరము వంతులవారీగా కూర్చొన్నాము.

మొదటి నెల మగపిల్లలు రెండు కంప్యూటర్ల చుట్టూ ఈగలవలె ముసిరినారు. ఆడపిల్లలు గోడవైపు నిలబడి చూచి, మూడవ వారానికి రావడము మానినారు. వారికి ఆసక్తి లేదని మేము తీర్పు చెప్పుకొన్నాము. స్త్రీల మైత్రి పెద్దమ్మ ఒకామె మమ్ములను నిలదీసినది: "ఏడు గంటలకు ఆడపిల్ల ఎక్కడ ఉంటుందో మీకు తెలియదా మాస్టారూ? పొయ్యి దగ్గర ఉంటుంది. ఎనిమిదిన్నరకు చీకట్లో దాన్ని ఇంటికి ఎవరు దింపుతారు?" మాకు సిగ్గు కలిగినది. ఆడపిల్లలకు అయిదు గంటల నుండి ఆరున్నర వరకు వేరే వేళ పెట్టినాము. ఇద్దరు తల్లులు వారితో కూర్చొంటామని ముందుకు వచ్చినారు. వచ్చిన తల్లులు ఊరకే కూర్చోలేదు, కొన్నాళ్ళకు తమ బ్యాంకు ఖాతాలో ఉపాధి కూలి పడినదీ లేనిదీ తామే చూచుకోవడము నేర్చుకొన్నారు.

రెండవ చిక్కు మా పాస్టరేటు కమిటీలో వచ్చినది. ఊరిలోనివారి పిల్లలు, వేరే మతస్థుల పిల్లలు కూడా రాసాగినారు. "మన కానుకలతో కట్టే కరెంటుకు వారి పిల్లలెందుకు?" అని ఒక పెద్దాయన అభ్యంతరము చెప్పినారు. ఆయన చెడ్డవారు కారు, లెక్క చూచే మనిషి. అప్పుడు ఎనుబదేండ్ల అవ్వ ఒకామె లేచి, "ఏమయ్యా, ఉపదేశిగారి లాంతరు దగ్గరకు ఊరి పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చొనేవారు. ఆయన వారిని లేపలేదు. నీవు లేపుతావా?" అని అడిగినది. ఆ పెద్దాయనే తరువాత ఇన్వర్టరు కొనిపెట్టినారు. మన పిల్లలను ఊరి బడి నుండి లేపిన రోజులు గుర్తున్నవారము, మరొకరి పిల్లలను మన గది నుండి లేపరాదు.

మూడవది భాష. ఇంగ్లీషులో కనబడే ప్రతి మాటకూ పిల్లలు మా ముఖము చూచేవారు, మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొనేవారము. తరువాత తెలిసినది, ప్రభుత్వపు పాఠ్యపుస్తకములలో చదరపు గుర్తులున్నవి, వాటికి ఫోను చూపితే దీక్షా అనే వేదికలో తెలుగు పాఠము తెరుచుకొంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో, జీతము లేని సామాన్యులు వ్రాసిన వ్యాసాలు లక్షకు పైగా ఉన్నవి. తెలుగులో టైపు చేయడము నేర్చిన పిల్లలు మొట్టమొదట వ్రాసినది మా పల్లె చరిత్ర. వారి అవ్వలను అడిగి వ్రాసినారు. ఇంగ్లీషు కూడా నేర్వవలసినదే, అందులో రెండవ మాట లేదు. కాని ఇంగ్లీషు రానంతవరకు గడప దాటరాదని పిల్లవానికి చెప్పరాదు.

నాలుగవ సంగతి మమ్ములను ఎక్కువ కదిలించినది. మా పాస్టరేటులో పుట్టుకతో చూపు లేని అబ్బాయి ఒకడున్నాడు. పాటలు బాగా పాడుతాడు. వానిని గదికి పిలవాలని మాకు తోచనే లేదు, తెర చూడలేనివానికి కంప్యూటరు ఎందుకు అనుకొన్నాము. ఒకనాడు వాడే అన్న భుజము పట్టుకొని వచ్చినాడు. హైదరాబాదు అబ్బాయి ఫోనులో చెప్పగా, ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాధనమును కంప్యూటరులో పెట్టినాము. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు 2006లో దానిని తయారుచేయ మొదలుపెట్టినారట. తెర మీద ఉన్నదానిని అది పైకి చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు మరబొమ్మ గొంతువలె ఉన్నా, ఆ సాయంత్రము వాడు తన పేరు తానే టైపు చేసి, యంత్రము చదవగా విని నవ్వినాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లోనే వచ్చినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడము జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పినది. చట్టము, తీర్పు ఉన్నవి, ఖర్చు లేని సాధనము ఉన్నది, లేనిదల్లా మా పిలుపు. తొంభై తొమ్మిదింటిని లెక్కపెట్టుకొని తృప్తిపడినాము.

ఇక మన ఇంటి మాట. బయటివారి తప్పులు చెప్పడము తేలిక. ఆ రెండేండ్లలో మన సంఘస్థులే నడిపే ఒక స్కూలులో, ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలకు ఫోను పాఠాలు ఆపినారు. పేరు చెప్పి ఎవరినీ నొప్పించము. ఉపాధ్యాయుల జీతాలకు డబ్బు ఎక్కడిదని వారు అడిగినారు. అది నిజమైన ప్రశ్నే, అనేక చోట్ల ఉపాధ్యాయులు కూడా జీతము లేక కూలికి పోయినారు. అయినా ఫీజు లేదని ఒక పిల్లవానిని పాఠము నుండి తీసివేయడము రాత్రి బడిలో పుట్టిన సంఘానికి తగినది కాదు. అట్లే మన హాస్టళ్ళలో చాలా చోట్ల ఫోను కనబడితే లాక్కొని బీరువాలో పెట్టి తాళము వేస్తారు. ఆడపిల్లల హాస్టలులో మరీను. భయము మాకు అర్థమవుతుంది. మేమూ తల్లిదండ్రులమే, మోసాలు, చెడు బొమ్మలు, పేకాటవంటి ఆటలు మాకు తెలియనివి కావు. కాని కేరళలో రాత్రి పూట ఫోను నిషేధించిన ఒక కాలేజీ హాస్టలు నియమమును ప్రశ్నించి బయటకు పంపబడిన విద్యార్థిని హైకోర్టుకు పోగా, 2019లో ఆ కోర్టు, ఇంటర్నెట్ అందుకోవడము చదువు హక్కులో భాగమని చెప్పి ఆమెను తిరిగి చేర్చుకొనుమన్నది. తాళము వేయడముకంటె పక్కన కూర్చొని మంచి చెడ్డ నేర్పడము కష్టము. కష్టమైనా మన పని అదే. మా గదిలో మేము పెట్టుకొన్న నియమము ఒకటే: తెర ఎప్పుడూ అందరికీ కనబడేటట్టు తలుపువైపు తిప్పి ఉండాలి.

కేరళలోనే మరొక మంచి మాట ఉన్నది. 2020 జూను 1న అక్కడి ప్రభుత్వము టెలివిజను పాఠాలు మొదలుపెట్టే నాటికి, ఇంట్లో టెలివిజను గాని ఇంటర్నెట్ గాని లేని పిల్లలు రెండున్నర లక్షలకు పైగా ఉన్నారని వారే లెక్క తీసినారు. గ్రంథాలయాలలో, అంగన్‌వాడీలలో టెలివిజన్లు పెట్టి, ఇరుగుపొరుగు పిల్లలను అక్కడ కూర్చోబెట్టినారు. చోటు ఉన్నవారు చోటు ఇచ్చినారు. మన డయోసిస్‌లో చోటుకు కొదువ ఉన్నదా? ప్రతి గ్రామములో చర్చి ఉన్నది. ఆదివారము తప్ప తక్కిన ఆరు రోజులూ ఎక్కువ చోట్ల దానికి తాళమే.

కనుక ఈ శతాబ్ది సంవత్సరములో ఈ సభను నాలుగు కోరికలు కోరుతున్నాము.

మొదటిది, ప్రతి పాస్టరేటులో కనీసము ఒక సాయంత్రపు చదువు గది తెరవాలి. మా గదికి కరెంటు, ఇంటర్నెట్ కలిసి నెలకు రెండు వేల రూపాయల లోపే అవుతున్నది. పిడికెడు బియ్యముతో ఉపదేశిగారిని పోషించిన సంఘానికి ఇది భారము కాదు.

రెండవది, ఆ గదిలో కూర్చొనే మనిషికి గౌరవ వేతనము ఇవ్వాలి. డిగ్రీ చదివి ఊరిలో ఉన్న యువతులు మన సంఘములలో ఉన్నారు. ముందు వారిని అడగండి. మావంటి ముసలివారము తోడుగా ఉంటాము. యంత్రాల కొనుగోలుకు ఎంత పెట్టదలచినారో, మనిషికి అంతకు తక్కువ పెట్టవద్దు.

మూడవది, మన స్కూళ్ళలో ఫీజు బాకీ కారణముగా ఏ పిల్లవాని పాఠమూ ఆపరాదని, మన హాస్టళ్ళలో రోజుకు కొన్ని గంటలు పెద్దల ఎదుట ఇంటర్నెట్ వాడనివ్వాలని డయోసిస్ నియమము చేయాలి. గదికి మెట్లున్న చోట వాలు దారి కట్టాలి.

నాలుగవది, ప్రభుత్వమును అడగడము మానరాదు. కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారమే 2023-24లో దేశములోని బడులలో పనిచేసే కంప్యూటరు ఉన్నవి నూటికి 57.2, ఇంటర్నెట్ ఉన్నవి 53.9. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. బడికి కనెక్షను, చెడిపోతే బాగుచేసేవారు, తెలుగులో పాఠాలు, దివ్యాంగులకు సాధనాలు – ఇవి దయగా అడిగేవి కావు. మన గది ప్రభుత్వ బడికి తోడు, దానికి బదులు కాదు. మనము గది తెరిచినాము గదా అని ప్రభుత్వము చేతులు దులుపుకొంటే నష్టపోయేది గది లేని ఊరి పిల్లలు.

చివరగా ఒక చిన్న మాట, కోపగించకుండా వినండి. మా పాస్టరేటులో శతాబ్ది స్మారకముగా చర్చి ముందు సిమెంటు తోరణము కట్టాలని ప్రతిపాదన ఉన్నది. ఇతర చోట్ల కూడా ఇట్టి ఆలోచనలు ఉండవచ్చును. తోరణము వద్దని మేము అనము. పెద్దల పేర్లు రాతి మీద ఉండడము మంచిదే. అయితే గది ముందు, తోరణము తరువాత కావాలని మా ప్రార్థన. లాంతరు పట్టిన ఉపదేశులలో చాలామంది పేర్లు ఏ రాతి మీదా లేవు. కాని వారు దిద్దించిన అక్షరము వల్లనే మనము ఈ రోజు ఈ సంచికను చదువుకోగలుగుతున్నాము.

మౌసు పట్టడము రాక ఏడ్చిన ఆ అమ్మాయి మరుసటి సంవత్సరము మా గదికి వచ్చి, రోజూ సాధన చేసి, పరీక్ష మరల వ్రాసినది. ఇప్పుడు నర్సింగు చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు అయిదు గంటల వేళ ఆడపిల్లల పక్కన కూర్చొనేది ఆమే. ఆమె చేతి క్రింద కూర్చొన్న పిల్లలలో ఒకతె మొన్న మమ్ములను అడిగినది: "మాస్టారూ, పక్క ఊరిలో గది ఎప్పుడు తెరుస్తారు? మా మేనత్త కూతురు అడుగుతున్నది."

ఆ ప్రశ్నను ఈ సభ ముందు ఉంచి సెలవు తీసుకొంటున్నాము.